మా అక్క పడలేదు

పురపాలక కార్యాలయ ప్రధాన అధికారి గారి సముఖమునకు,

బస్సు డిపో వెనక వీధిలో కాపురముంటూ, తమ కార్యాలయంలోనే నీటి పన్నుల విభాగంలో పెద్ద గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: డిపో వెనక గోడబండకు గల పొడుగు బీటను మా అక్క జ్ఞాపకార్థమని చెప్పి సిమెంటుతో పూడ్చుట – సగం పూడ్చబడుట – మిగతా సగం వచ్చే సోమవారం పూడ్చబోవుట – దానిని ఆపించవలెనని, శిలాఫలకంపై గల అబద్ధమును చెరిపించవలెనని కోరుట – గురించి.

సూచిక: ఇదివరకు నేను ఇచ్చుకున్న అర్జీ, దానికి తమ కార్యాలయం నుండి వచ్చిన "పరిశీలనలో ఉన్నది" అను జవాబు.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీ కూడా పరిశీలనలో పెట్టవద్దు. పరిశీలన అంటే ఏమిటో నాకు తెలుసు. నా ఉద్యోగమంతా ఆ ముక్క రాస్తూనే గడిచింది. కిటికీ పక్కన ఆకుపచ్చ బీరువా ఉంటుంది, దాని కింది అరలో పరిశీలన జరుగుతుంది. దాని తాళం నేనుండగానే పోయింది. కనుక ఇది తమరే స్వయంగా, టీ తాగడం అయ్యాక, కుదురుగా కూర్చుని చదవాలి.

1. మా అక్క అనగా ఈ ఊళ్లో అందరూ బల్లక్క అని పిలిచిన మనిషి. ఆ పేరు మొదట ఎగతాళికి పెట్టిందే. డిపో వెనక గోడలా నిటారుగా లేచిన ఆ గోడబండకు అతుక్కుపోయి కనపడుతోందని డిపోలో మెకానిక్కులు పని ఆపి మరీ "బల్లి, బల్లి" అని అరిచేవారు. ఆమె పైనుంచి తల తిప్పకుండానే "ఏం, మీ ఇళ్లల్లో లేవా?" అనేది. తరవాత ఆమె ఒక మంచుకొండను దాని ఉత్తరపు గోడ మీదుగా, అంతవరకూ మనిషన్నవాడు పోని దారిలో, ఒక్కతే ఎక్కి ఒక్కతే దిగి వచ్చింది. దేశదేశాల్లో కొండలెక్కేవాళ్లు ఆ దారిని ఆమె పేరుతోనే పిలుచుకుంటున్నారు. అప్పుడు బల్లి కాస్తా బల్లక్క అయింది. అరిచిన మెకానిక్కులే కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చి "అక్కా, దీనికీ కాస్త నేర్పవూ" అన్నారు. నేర్పింది. ఎవరినీ పొమ్మనలేదు, ఒక్క రకం వాళ్లను తప్ప. "నాకు భయమే లేదండీ" అని వచ్చినవాణ్ణి మాత్రం "అయితే ఇంటికి పో నాయనా, భయం వేసినప్పుడు రా" అని పంపేసేది.

పక్కూరి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మ ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఇవాళ నర్సమ్మ ఎక్కిన మంచుకొండల పేర్లు చెబితే పత్రికల వాళ్లు ఫోటోకు ఎగబడతారు. లారీ డ్రైవరు ఉన్నాడు, బండంత మనిషి, మొదటిరోజు నా నడుమంత ఎత్తు ఎక్కి "అక్కా, దించెయ్" అని ఏడ్చినవాడు. ఇప్పుడతను వేరే దేశాలకు వెళ్లి జనానికి కొండలెక్కడం నేర్పుతున్నాడు. ఇలాంటివాళ్లు ఎందరున్నారో మేం ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఉత్తరాలొచ్చేవి, మనుషులొచ్చేవాళ్లు, భాష రాని వాళ్లు కూడా వచ్చి బీట వైపు చూపించి నవ్వేవాళ్లు. మా అమ్మ సణుక్కుంటూనే అందరికీ టీ పోసేది.

2. సదరు బల్లక్క గత నెలలో కాలధర్మము చెందినది. ఎక్కడ అనగా, బజారు వీధిలో పళ్ల డాక్టరు గారి ఆస్పత్రి బయటి గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో. దవడ పన్ను సలుపుతోందని నా స్కూటరు మీద వచ్చింది. దారి పొడుగునా "మెల్లిగా పోరా, గతుకులకి పన్ను ఊడి చేతికొచ్చేలా ఉంది, డాక్టరుకి పని లేకుండా చేస్తావా" అని వీపు మీద కొడుతూనే ఉంది. ఆమెను గుమ్మం దగ్గర దించి, స్కూటరు నీడలో పెట్టి నేను లోపలికి వెళ్లేసరికి తల గోడకు ఆనించి కళ్లు మూసుకుని ఉంది. టోకెను చేతిలోనే ఉంది. కునుకు తీస్తోందనుకుని పక్కన కూర్చుని, ఆమె తల నా భుజానికి ఆనించుకున్నాను. ఆమె వంతు వచ్చి పిలిస్తే లేవలేదు. డాక్టరు గారు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, గుండె ఆగిపోయిందన్నారు.

మంచుకొండ మీద ఆగని గుండె ఫ్యాను కింద కూర్చుంటే ఆగింది. ఏం చేస్తామండీ. ఏడ్చాను. పన్ను నొప్పులతో వచ్చిన అంతమంది మధ్యలో గట్టిగా ఏడ్చాను. ఒకాయన తన దవడ పట్టుకునే లేచి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

3. ఇట్లుండగా తమ కార్యాలయం వారు ఆమెను ఘనంగా గౌరవించుటకు నిర్ణయించినారు. సంతోషం. బతికుండగా ఆమె పంపిన ఏ అర్జీకీ జవాబు రాయని కార్యాలయం, పోయాక రాయినే నిలబెడతానంది. కాదనలేదు. కానీ ఫైలు మొదలుపెట్టిన గుమాస్తా గారు ఎవరినీ ఒక మాట అడగలేదు. కొండలెక్కే మనిషి పోయిందంటే కొండమీంచి పడే పోయుంటుందని ఆయనే తీర్మానించుకుని "కొండపై నుండి జారిపడి దుర్మరణము పాలైనందున" అని రాసి పారేశారు. పై సెక్షను వారు ఆ ముక్క చూసి "అట్టి దుర్ఘటనలు పునరావృతము కాకుండుటకై బండకు గల ప్రమాదకరమైన బీటలను పూడ్చవలెను" అని తమ వంతు ముక్క చేర్చారు. ఆ పైవారు సంతకం పెట్టారు. ఇంతమంది చేతులు మారిన కాగితం ఒక్కరి చేతిలోనైనా కాసేపు ఆగలేదు. మా ఇల్లు తమ కార్యాలయానికి రెండు వీధుల అవతలే ఉంది. తలుపు కొట్టి "ఏమ్మా, మీ అమ్మాయి ఎలా పోయింది?" అని అడిగితే మా అమ్మ కూర్చోబెట్టి చెప్పేది.

శిలాఫలకం ఆవిష్కరణకు మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి గారు గుడ్డ లాగారు. నల్లరాయి, బంగారు అక్షరాలు. మా అమ్మకు చూపు ఆనదు. "ఏం రాశార్రా?" అంది. చదివాను: "ఈ బండపై నుండి పడి అసువులు బాసిన పర్వతారోహణ శిరోమణి".

"అది పడ్డమేంట్రా?" అంది మా అమ్మ. మైకు లేకపోయినా సభంతా వినపడింది. "దాని చేతిలోంచి గాజు గ్లాసు జారడం కూడా నేను చూళ్లేదు. అది పడ్డమేంటి? ఎవడ్రా రాసింది?"

అతిథి గారు నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారని అందరూ కొట్టారు. పెద్దావిడ ఆశీర్వదిస్తోందనుకున్నారు కాబోలు.

అక్క పోయాక బండ వైపు వెళ్లని నేను ఆ చప్పట్ల మధ్యలోనే తలెత్తి చూశాను. బీట లేదు. కింది నుంచి సగం దాకా బూడిదరంగు సిమెంటు, దాని మీద రాయి రంగు పూత. మీ వాళ్ల నిచ్చెన అందిన మేరకు పూడ్చారు. పై సగానికి పెద్ద నిచ్చెనలు సోమవారం వస్తాయని నా పక్కనున్న ఉద్యోగి చాలా మర్యాదగా చెప్పాడు.

4. బీట అనగా ఏమో తమ రికార్డులో లేదు గనుక ఇచ్చట విన్నవించుకొనుచున్నాను. గోడబండ నున్నగా ఉంటుంది, చెయ్యి వేయడానికి ఎక్కడా ఏమీ దొరకదు. దొరికేది ఒక్క ఆ బీటలోనే. చెయ్యి లోపలికి పెట్టి పిడికిలి బిగిస్తే ఇక మనం బండను పట్టుకోవక్కర్లేదు, బండే మనల్ని పట్టుకుంటుంది. ఒక పిడికిలి వదిలి, ఇంకాస్త పైన ఇంకో పిడికిలి. అలా పై అంచు దాకా. దానికి దారి అని పేరు. మా అక్కకు మొదట దొరికిన దారి అదే. అది పూడిస్తే బండ అక్కడే ఉంటుంది, ఎక్కడం ఉండదు. ఆమె పేరు రాతిమీద చెక్కించి, ఆమె దారిని కాస్తా మూసేశారన్నమాట. ఇంతకంటే పగవాడైనా ఏం చేస్తాడండీ?

ఈ సంగతి చెప్పుకోవడానికి తమ ఇంజినీరు గారి గదికి వెళ్లాను. ఆయన మంచివారే. కుర్చీ వేశారు, ఫ్యాను నా వైపు తిప్పారు.

"బీట పడితే పూడ్చాలి కదండీ," అన్నారు. "గోడకు పడినా బండకు పడినా బీట బీటే."

"మీ గది గోడకు ఇంత పెద్ద కన్నం ఉంది కదండీ, మీరు లోపలికొచ్చింది దాంట్లోంచే. దాన్నెందుకు పూడ్చలేదు?" అన్నాను.

ఆయన గుమ్మం వైపు చూశారు. "పెద్దవారు, మిమ్మల్ని ఏమీ అనలేను," అన్నారు. "కానీ సార్, మనిషి పడి చనిపోయిన చోట చూస్తూ ఊరుకోమంటారా? రేపు ఇంకొకరు పడితే నా మెడకు చుట్టుకుంటుంది."

"పడలేదయ్యా!"

"ఫైల్లో అలా ఉంది సార్."

"ఫైలు రాసినవాడు ఆ రోజు అక్కడున్నాడా? నేనున్నాను. నా భుజం మీద తల వాల్చి పోయింది. దేని మీంచి పడుతుంది? కుర్చీ మీంచా? కుర్చీ మీంచి కూడా పడలేదు."

ఆయన కాసేపు పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీసి, "మీరు రాసివ్వండి, పైకి పంపుతాను," అన్నారు. రాసిచ్చాను. పరిశీలనలో ఉన్నది అని వచ్చింది.

5. ఇప్పుడు రాయబోయేది ఫైలుకు అవసరం లేని విషయము. అయినా రాస్తాను.

బండ ఎక్కే మనిషి నడుముకు తాడు ఉంటుంది. ఆ తాడు పైన బండలో బిగించిన కొక్కెం మీదుగా తిరిగి వస్తుంది, రెండో కొస కింద ఇంకొకరి చేతుల్లో ఉంటుంది. ఎక్కే మనిషి పట్టు జారితే కిందనున్నవాడు తాడు బిగిస్తాడు, పైనున్న మనిషి గాల్లో ఆగుతుంది, అంతే. మా అక్కకు ఆ రెండో కొస నాది. ఆమె పావడాలు వేసుకునే వయసులో కొబ్బరితాడు నా చేతికిచ్చి "పట్టుకో, వదిలితే అమ్మకి చెప్తా" అంది. అప్పటినుంచీ పట్టుకునే ఉన్నాను. నేను ఎక్కను. ఇంట్లో బల్బు మార్చాలన్నా మా అక్కనే పిలిచేవాణ్ణి. ఆఫీసు అయిపోగానే ఫైళ్ల దుమ్ము చేతులతోనే బండ దగ్గరికి వెళ్లి తాడు అందుకునేవాణ్ణి. ఆమె అంచు మీదికి చేరాక "చేరాన్రా!" అని అరిచేది. "వదిలేనా?" అనేవాణ్ణి. "వదిలెయ్!" అనేది. ఆ మాట చెవిన పడకుండా నేను తాడు వదిలిన రోజు లేదు. వానలో లేదు, నాకు జ్వరమొచ్చిన రోజున లేదు, పెళ్లిచూపులకు నన్ను తీసుకెళ్లడానికి మా నాన్న స్వయంగా బండ దగ్గరికొచ్చి కేకలేసిన రోజున కూడా లేదు. ఆ సంబంధం పోయింది. తాడు పోలేదు.

కనుక తమరు "ఈ బండపై నుండి పడి" అని బంగారు అక్షరాలతో రాయిస్తే, దానికి అర్థం ఒక్కటే. నేను వదిలేశానని.

ఈ ఊళ్లో తాడు పట్టింది ఎవరో అందరికీ తెలుసు. పళ్ల ఆస్పత్రిలో చూసిన నలుగురి మాట కంటే రాతి మీది మాటే జనానికి నిజమైంది. ఫలకం పెట్టాక పాలబూతు దగ్గర ఒకాయన నా భుజం తట్టి "ఏం చేస్తాంలెండి, మీరు మాత్రం కావాలని చేశారా" అన్నాడు. పిల్లల్ని నేర్చుకోడానికి పంపేవాళ్లు ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండా, "మళ్లీ చూద్దాంలెండి అంకుల్" అంటున్నారు. నేను ఊరుకోను. నన్ను ఎన్నన్నా అనండి, సోమరిపోతు గుమాస్తా అనండి, తమ బీరువా తాళం పోగొట్టినవాడనండి. వదిలేశాడని మాత్రం అనకండి. అది నేను చచ్చినా ఒప్పుకోను.

6. కొండలెక్కేవారిలో ఒక పద్ధతి కలదు. ఒక దారిని మొదట ఎక్కినవారు పోతే, వారి దగ్గర నేర్చుకున్నవాళ్లంతా ఒకచోట చేరి, ఒకరి తరవాత ఒకరు ఆ దారినే ఎక్కుతారు. ఆ రోజు తాడు మాత్రం పోయినవారికి ఎవరు పట్టేవారో వాళ్లే పడతారు. ప్రసంగాలుండవు. పైకి చేరినవాళ్లు కాసేపు కూర్చుని దిగుతారు. అంతకుమించి ఏమీ లేదు, అదే వాళ్ల నివాళి.

దాని కోసం గత ఆదివారం పొద్దున్నే మనుషులొచ్చారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. నర్సమ్మ డ్యూటీ దిగి తెల్లబట్టలతోనే వచ్చింది. ఫలకం సంగతి ఆమెకు తెలీదు. తాడు భుజాన వేసుకుని బండ దగ్గరికి నడిచి, తలెత్తి, అలాగే నిలబడిపోయింది.

"బాబాయ్, ఇదేంటి?"

నేను ఫలకం వైపు చెయ్యి చూపించాను. లారీ డ్రైవరే చెప్పాడు. "తాళం వేశారు. మన అక్క ఇంటికి తాళం వేసి, బయట బోర్డు పెట్టారు."

నర్సమ్మ సిమెంటు మీద అరచెయ్యి పెట్టి, కింది నుంచి తనకు అందినంత ఎత్తు దాకా నిమిరి చూసింది. ఎక్కడైనా వేలు దూరుతుందేమోనని. దూరలేదు. మీ పని గట్టి పనే. తరవాత కింద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుంది. "ఆ రోజు నేను పక్కన లేను," అంది. "కనీసం ఇదైనా చేద్దామని వచ్చాను, ఇది కూడా చెయ్యనివ్వరా?"

వచ్చినవాళ్లెవరూ తిరిగి వెళ్లలేదు. ఎక్కకుండా వెళ్లమని కూర్చున్నారు. మా ఇంటి హాల్లో, వరండాలో, మేడమెట్ల మీద చాపలు పరుచుకుని ఉన్నారు. బాత్రూము దగ్గర ఎప్పుడు చూసినా క్యూ. మా అమ్మ ఒకరి మీద అరుస్తూ ఇంకొకరికి వడ్డిస్తూ ఉంది. "అది బతికుండగా నా కొంప ఇలాగే ఉండేది. పోయాకైనా ఖాళీ అవుతుందనుకున్నా," అంటోంది. అన్నాక పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది.

7. ఇక ప్రస్తుత పరిస్థితి. ఇవాళ శనివారం పొద్దున, పట్టపగలు, డిపోలో జనమంతా చూస్తుండగా, మేము సదరు సిమెంటును తొలగించితిమి.

ఇది ఆరోపణ కాదు, సమాచారం. తమరు విచారణ జరిపించే శ్రమ లేకుండా నేనే రాసిస్తున్నాను. లారీ డ్రైవరు సుత్తీ ఉలీ తెచ్చాడు. నర్సమ్మ నడుముకు తాడు కట్టుకుని నిచ్చెన పైమెట్టు మీద నిలబడింది. తాడు నేను పట్టాను. మొదటి దెబ్బకు రాయి ఎక్కడ విరుగుతుందోనని అందరికీ భయంగానే ఉంది. అంతలో పూడ్చిన మేస్త్రీయే అటుగా సైకిల్ మీద పోతూ ఆగాడు. పోలీసులను పిలుస్తాడనుకున్నాను. సైకిలు గోడకు ఆనించి వచ్చాడు.

"ఏం సార్, నేను పెట్టిందాన్ని తీస్తున్నారా?"

"అవును. ఏం చేస్తావో చేసుకో."

"ఏం చేస్తాను? అట్టా బాదితే బండ ఊడొస్తుంది, సిమెంటు రాదు. ఉలి వాలుగా పెట్టాలి. ఇట్టివ్వండి." ఉలి అందుకుని, పైకి ఒకసారి, కిందికి ఒకసారి చూశాడు. "నాకు మొదట్నుంచీ డౌటే సార్. ఆ సందులో మనుషుల చేతులు రాసుకుని రాసుకుని అంచులు నున్నగా ఉన్నాయి. ఇంతమంది తిరిగే చోటు కదా, ఎందుకు పూడ్చమంటున్నారా అనుకున్నా. అడిగితే ‘నీకెందుకు, చెప్పింది చెయ్యి’ అన్నారు. నా పేరు మాత్రం రాయకండి సార్, రేపు మళ్లీ మీ ఆఫీసు పనికే పోవాలి."

రాయలేదు. తమ దగ్గర పనిచేసే మేస్త్రీలు చాలామంది ఉన్నారు, కనుక్కోలేరు.

మధ్యాహ్నానికి బీట తెరుచుకుంది. అంచులు అక్కడక్కడా తెల్లగా గీసుకుపోయాయి. లోపల కాస్త దుమ్ము ఉంది. మిగతాదంతా ఎలా ఉండేదో అలాగే ఉంది.

8. ఆగిపోయిన నివాళి సోమవారం జరుగును. తమ పెద్ద నిచ్చెనలు వచ్చేసరికి పొడుగు బీటలో మనుషులుంటారు. కింది సగంలో, పై సగంలో, అంచు మీద. పూడ్చవలసిన ప్రతి చోటా ఒక పిడికిలి ఉంటుంది. ఆ పిడికిళ్ల మీద సిమెంటు వేయవచ్చునని తమరు రాతపూర్వకంగా ఉత్తరువు ఇప్పిస్తే మేము అడ్డు చెప్పము. కానీ ఉత్తరువు రాతలోనే ఉండాలి, కింద పూర్తి సంతకం ఉండాలి, పొట్టి సంతకం పనికిరాదు. ఈ కార్యాలయంలో అలాంటి కాగితం మీద సంతకం పెట్టే చెయ్యి ఒక్కటి కూడా లేదని నాకు బాగా తెలుసు. నేను అక్కడే పనిచేశాను కదండీ.

పోలీసులను పంపదలిస్తే పంపవచ్చును. కిందనున్నవాణ్ణి నేనొక్కణ్ణే గనుక నన్నే పట్టుకుంటారు. అయితే నా చేతిలో తాడు ఉంటుంది, పైన ఒక ప్రాణం ఉంటుంది. పైనుంచి "వదిలెయ్" అని వినపడేదాకా నన్ను ఎవరూ కదపకూడదు. ఆ తరవాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను, నా స్కూటరు మీదే వస్తాను.

కావున తమరు దయయుంచి,

శిలాఫలకంపై "ఈ బండపై నుండి పడి అసువులు బాసిన" అను మాటలను చెక్కి తీసివేయించి, ఆ స్థానంలో "ఈ బండపై నుండి ఎన్నడూ పడని" అని వ్రాయించవలసినదిగాను,

"శిరోమణి" అను బిరుదు వద్దు, "బల్లక్క" అని వ్రాస్తే చాలుననియు,

బీట జోలికి ఇకపై ఏ కారణం చేతనూ, ఎవరి గౌరవార్థమూ పోవద్దనియు కోరుచున్నాను. ఇది ప్రార్థన అని రాయడం ఆనవాయితీ. నేను మాత్రం అడుగుతున్నాను.

తమరు చిత్తగించవలెను. చిత్తగించకపోయినా సోమవారం పొద్దున్న మేము అక్కడే ఉంటాము.

ఈ ఒక్క విషయంలో తప్ప,
తమ విధేయుడు,
బల్లక్క తమ్ముడు,
తాడు పట్టినవాడు.

జతపరచినవి:
శిలాఫలకం రాతకు నకలు, అబద్ధం కింద ఎర్రగీతతో.
పళ్ల డాక్టరు గారు ఇచ్చిన ధ్రువపత్రం, కుర్చీలోనే పోయిందని.
తమ కార్యాలయపు సిమెంటు, గోనె సంచులలో. ప్రభుత్వ ఆస్తి ఒక్క పెచ్చు కూడా మా దగ్గర ఉంచుకోలేదు. రిక్షా అబ్బాయి దించుతాడు, రసీదు ఇచ్చి పంపగలరు.

తా.క.: పై అర్జీని మా అమ్మకు చదివి వినిపించాను. అంతా విని "నా పేరేదిరా?" అంది. ముద్దాయిల్లో తన పేరు లేకపోతే ఒప్పుకోదట. పెద్దది కనుక అందరికంటే పైన ఉండాలట. కాబట్టి చేర్చగలరు.

పొద్దున సిమెంటు తీస్తున్నప్పుడు ఆమె కూడా వచ్చి కూర్చుంది. మా అక్క ఎక్కినన్నాళ్లూ ఆమె ఆ బండ వైపు కన్నెత్తి చూడలేదు, చూస్తే గుండె ఆగుతుందనేది. బీట తెరుచుకున్నాక, వద్దమ్మా అని మేమంతా అంటున్నా వినకుండా, నర్సమ్మ భుజం పట్టుకుని లేచి దగ్గరికి వెళ్లింది. చెయ్యి లోపలికి పెట్టింది. మోచేతి దాకా పెట్టింది. ఎంతసేపటికీ తియ్యలేదు.

"పురుగూ పుట్రా ఉంటుంది, తీసెయ్యమ్మా," అన్నాను.

"ఉండరా," అంది. వేళ్లతో లోపల తడుముతూ, "ఎండలో పడి మాడిపోతున్నావే అని రోజూ తిట్టేదాన్ని దాన్ని. లోపల ఎంత చల్లగా ఉందిరా! పోన్లే, దాని చేతులకైనా నీడ ఉంది," అంది.

అక్కడున్న వాళ్లం ఎవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. సోమవారం కూడా వస్తానంటోంది. బీటలో అందరికంటే కింద, మొదటి చెయ్యి తనదేనని, తమవాళ్లు సిమెంటు కలిపే ముందే ఆ సంగతి తమకు తెలియాలని, మర్చిపోకుండా రాయమని చెప్పింది.

రాశాను.